ఊరికో జ్వరాల పుస్తకం: పెట్టడం ఎలా, నడపడం ఎలా

2021 మే నెలలో కరోనా కోసం ఇంటింటికీ జ్వరం సర్వే చేసినప్పుడు ఆశా కార్యకర్త చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఎవరికి జ్వరం, ఎన్ని రోజుల నుంచి, మందుల కిట్టు ఇచ్చామా లేదా, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలెవరు, అన్నీ అందులో రాశారు. 2022 జనవరిలో మళ్లీ అదే పని. ఊళ్లో ఎవరికి ఏముందో ఊరికి అంత బాగా తెలిసింది ఆ రెండుసార్లే. సర్వే అయ్యాక లెక్కలు మండలానికి పోయాయి, పుస్తకాలు బీరువా మీదికి ఎక్కాయి.

నేను పాలమూరు జిల్లాలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్ల మీద తిరిగే సర్కారు నర్సుగా, చేసి రిటైరయ్యాను. సర్వీసంతా రిజిస్టర్లు రాస్తూనే గడిచింది. మేం రాసిందంతా పైకి పోయేది, ఊళ్లో కాగితం ముక్క మిగిలేది కాదు. మహమ్మారి తర్వాత ఏం మారాలి అని అడిగితే అందరూ పెద్ద దవాఖానలు కావాలంటారు. కావాలి, కాదనను. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి కూడా. కానీ మద్దూరు అవతల తండాలో ఉండే ముసలవ్వకు బీపీ గోలీలు అయిపోయాయని ఏ కాలేజీకి తెలుస్తుంది? పక్కింటామెకు తెలుస్తుంది. ఆమెకు తెలిసిన ముచ్చటను కాగితం మీదికి ఎక్కించి, నెలనెలా దాన్ని చూసి పనిచేయడం ఎలాగో చెబుతాను.

పుస్తకం ఎవరు రాయాలి

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఇంటికి అర పేజీ లెక్కన మూడు వందల ఇళ్ల ఊరికి నూట యాభై పేజీలు పోతాయి. మిగిలిన యాభై పేజీల సంగతి తర్వాత చెబుతాను. యాప్ మాత్రం వద్దు. సిగ్నల్ ఉండదు, పాస్‌వర్డ్ గుర్తుండదు, ఎక్కించినవాళ్లు ఊరు మారితే లెక్కంతా వాళ్ల ఫోన్లోనే పోతుంది.

ఈ పని ఆశా మెడకు చుట్టొద్దు. వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉంటుంది. గర్భిణులు, టీకాలు, టీబీ, కుష్ఠు సర్వే, బీపీ షుగర్ సర్వే అన్నీ ఆమె నెత్తి మీదే ఉన్నాయి. రాసింది సరిగ్గా ఉందో లేదో ఆమెకు చూపించి సరిచూసుకోండి చాలు. రాసే పని మహిళా సంఘం లెక్కలు రాసే వీఓఏకో, డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న పిల్లకో అప్పగించండి. వార్డుకు ఒక మనిషి కబురు తెచ్చి ఇవ్వాలి. వార్డు మెంబరైతే మేలే. కానీ చాలాచోట్ల గెలిచింది భార్య, తిరిగేది భర్త. ఆయన వాకిట్లో నిలబడి అడిగితే ఏ ఆడమనిషి తెల్లబట్ట గురించి చెబుతుంది? గెలిచిన ఆమెనే పంపండి. ఆమె రానంటే కూలికి పోయే గుంపులో నలుగురు మాట వినే పెద్దమ్మను పట్టుకోండి. చదువు రాకపోయినా ఫరవాలేదు, ఆమె చెబుతుంటే పిల్ల రాసుకుంటుంది. తండాకు వేరే పుస్తకం పెట్టండి, తండా మనిషే రాయాలి. బయటివాళ్లు రాసిన తండా లెక్క సరిగ్గా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

అడిగే తీరు

"ఇంట్లో ఎవరికన్నా జబ్బులున్నయా?" అని అడిగితే "అందరం మంచిగనే ఉన్నం" అంటారు. ఏ ఊరికి పోయినా ఇదే జవాబు. దానికి బదులు, "అవ్వా, పొద్దుగాల ఏం గోలీ ఏసుకుంటున్నవ్?" అని అడగండి. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు పట్టుకొస్తుంది. దాంట్లో బీపీకి ఆమ్లోడిపిన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, మోకాళ్ల నొప్పుల గోలీలు, ఎప్పటిదో దవాఖాన చీటీ అన్నీ కలిసి ఉంటాయి. సగం వాడి వదిలేసిన పట్టీ కనబడితే అక్కడ ఆగండి.

"ఎందుకు ఆపినవ్ అవ్వా?"

"మంచిగైంది గద బిడ్డా, ఇంకెందుకు?"

షుగర్, బీపీ అదుపులో లేనివాళ్లనే కరోనా ఎక్కువ కుంగదీసింది. సగం పట్టీ ఉన్న ఇంటి పేరు పక్కన ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. గోలీ వేసుకుంటున్నందుకే బీపీ మామూలుగా ఉందని ఆమెకు చెప్పాలి, ఒక్కసారి చెబితే సరిపోదు. పల్లె దవాఖానలో గోలీలు ఉచితంగా ఇస్తారు. చాలామందికి అసలు అడ్డు దూరం, ఒక రోజు కూలి పోవడం. వార్డుకు ఒకరు పోయి అందరి చీటీలు చూపించి నెలకు సరిపడా తేగలరేమో ఏఎన్ఎంను అడిగి తెలుసుకోండి. మూడు నెలలకోసారి మాత్రం మనిషి స్వయంగా పోయి బీపీ చూపించుకోవాలి.

ఇంటి పేజీలో రాయాల్సింది కొంచెమే. పేర్లు, వయసులు, ఫోను. రోజూ వేసుకునే గోలీలు. గర్భిణి ఉంటే ఎన్నో నెల. ఐదేళ్లలోపు పిల్లలుంటే టీకా కార్డు చూసి ఏది బాకీ ఉందో రాయాలి. తొమ్మిదో నెల దాటిన పిల్లలకు వేసే తట్టు టీకా ఒకసారి వేయించి, పదహారో నెల తర్వాతి రెండోది మరిచిపోయే ఇళ్లు చాలా ఉంటాయి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఉంటే, కొడుకో బిడ్డో ఎక్కడున్నారు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కూడా రాయండి.

రాయకూడనివి కూడా చెబుతాను, ఎందుకంటే పుస్తకం ఇక్కడే చెడుతుంది. హెచ్ఐవీ ముచ్చట రాయొద్దు. మనసు బాగాలేక మందులు వాడుతున్నారని రాయొద్దు. టీబీ ఉంటే పేరు రాయకుండా ఇంటి నంబరు పక్కన చుక్క పెట్టి వదిలేయండి, ఆ చుక్క అర్థం రాసే మనిషికీ, ఆశాకూ మాత్రమే తెలియాలి. 2020 మార్చిలో ఊరి దారికి అడ్డంగా కంప వేసిన ఊళ్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. పాజిటివ్ వచ్చిన ఇంటికి పాలు పోయనన్నవాళ్లు, నల్లా దగ్గరికి రానీయనివాళ్లు ఎక్కడినుంచో రాలేదు, మన మధ్యవాళ్లే. ఆ తర్వాత దగ్గు వచ్చినా దాచిపెట్టుకున్నారు, దాచినకొద్దీ జబ్బు పాకింది. కాబట్టి పుస్తకం సర్పంచ్ ఇంట్లో ఉండొద్దు, పంచాయతీ ఆఫీసు బల్ల మీద అసలే ఉండొద్దు. రాసే మనిషి దగ్గర, తాళం ఉన్న పెట్టెలో ఉండాలి.

వలస పేజీ

మిగిలిన యాభై పేజీలు ఇక్కడి నుంచి మొదలు. ఇది మన పాలమూరుకే ప్రత్యేకం. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, రోడ్డు వేసినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లని పేరు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ఇప్పటికీ వానకాలం పంట చేతికి రాగానే గుంపులు గుంపులుగా ముంబై, పుణె బస్సులెక్కుతారు. 2020లో లాక్‌డౌన్ పడ్డాక వాళ్లంతా ఒక్కసారే వెనక్కి వచ్చారు. ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో, ఇంకా ఎంతమంది దారిలో ఉన్నారో ఊరికి తెలియదు. అందుకే భయం ఎక్కువైంది. తెలిసి ఉంటే బడి గదులు సర్ది పెట్టేవాళ్లం, బియ్యం తీసి పెట్టేవాళ్లం.

బయలుదేరే ముందు వారమే ఈ పేజీ రాయాలి. ఏ ఊరు, ఏ పని, గుంపు మేస్త్రీ ఎవరు, అతని ఫోను, ఎప్పుడు తిరిగొస్తారు, ఇంటి దగ్గర ఎవరిని వదిలిపోతున్నారు. మేస్త్రీ నంబరు లేకపోతే మిగతాది ఎంత రాసినా దండగ, ఎందుకంటే కూలివాళ్లు అక్కడికి పోయాక సిమ్ మారుస్తారు, మేస్త్రీ మార్చడు. రాస్తూనే నాలుగు మాటలు చెప్పండి. బీపీ, షుగర్ గోలీలు రెండు నెలలకు కట్టించుకోవాలి. పిల్లల టీకా కార్డును ఫోన్లో ఫొటో తీసుకుంటే అక్కడి ఏఎన్ఎం దాన్ని చూసి తర్వాతి టీకా వేస్తుంది. రేషన్ కార్డు మీద వేరే రాష్ట్రంలోనూ బియ్యం తీసుకోవచ్చు, వేలిముద్ర పడితే చాలు. టీబీ మందులు వాడుతున్నవాళ్లు ఆపొద్దు. నిక్షయ్ నంబరు, అంటే టీబీ రోగికి సర్కారు ఇచ్చే నంబరు, చెబితే అక్కడి ప్రభుత్వ దవాఖానలో కోర్సు కొనసాగుతుంది. మందులు వాడినన్నాళ్లూ పోషణకు నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది ఐదు వందలే ఉండేది.

వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి ఆ ఇళ్లకు పోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్షకు పంపండి. కరోనా తర్వాత దగ్గు అనగానే జనం వెనక్కి జరుగుతున్నారు, టీబీ గుర్తే రావడం లేదు.

జ్వరాల పేజీ

పుస్తకానికి ఆ పేరు పెట్టింది దీని వల్లే. వానకాలంలో ప్రతి శుక్రవారం, మిగతా కాలంలో నెలకు రెండుసార్లు రాస్తే చాలు. వార్డు పేరు, ఈ వారం ఎన్ని జ్వరాలు, అంతే. ఒకే గల్లీలో వారంలో మూడు జ్వరాలు కనబడితే అదే రోజు పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) ఫోన్ చేయాలి. రేపు చూద్దాం అనుకోవద్దు. నాలుగిళ్లలో విరేచనాలైతే గంట కూడా ఆగొద్దు, ముందు ట్యాంకు వాల్వు కట్టేయించి తర్వాత ఫోన్ చేయండి.

ఈ లెక్క ముందుగా ఎవరికి తెలుస్తుందంటే ఊరి ఆర్ఎంపీకి, అంటే డాక్టరు చదువు లేకుండా వైద్యం చేసే మనిషికి. దీని మీద మా డిపార్ట్‌మెంటు వాళ్లకూ నాకూ పడేది కాదు. ఆర్ఎంపీతో మాట్లాడొద్దు, ఫిర్యాదు చేయండి అనేవాళ్లు. రాత్రి పది గంటలకు జ్వరం వస్తే జనం పోయేది అతని దగ్గరికే, మనం ఎంత మొత్తుకున్నా. అందుకని ప్రతి శుక్రవారం అతన్ని ఒక్క మాట అడగండి: "తమ్మీ, ఈ వారం ఎంతమంది వచ్చిండ్రు?" పేర్లు వద్దు. దాంతోపాటు రెండు సంగతులు గట్టిగా చెప్పండి. డెంగీ ఉండే కాలంలో జ్వరానికి పారాసెటమాల్ తప్ప డైక్లోఫినాక్ సూది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు, రక్తస్రావం అవుతుంది. ఇక స్టెరాయిడ్ ఊరికే ఇవ్వొద్దు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది షుగర్ అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు పడినవాళ్లు. మామూలు వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ కూడా అక్కరలేదు. సెలైన్ ఎక్కిస్తేనే తక్కువైతదని నమ్మే జనానిదీ తప్పుంది. బాటిల్ ఎక్కించని డాక్టరు డాక్టరే కాదంటారు మనవాళ్లు.

శుక్రవారమే ఎందుకంటే అది డ్రై డే. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమై లేవడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోస్తే లోపలే చస్తుంది. నల్లా వచ్చినా మనకు డ్రమ్ములు నింపి పెట్టుకునే అలవాటు పోలేదు. గోళెం, గాబు, డ్రమ్ము, ఎండాకాలం వాడి మూలకు పెట్టిన కూలర్, పాత టైరు, పశువుల తొట్టి వెతకండి. పారబోస్తే సరిపోదు, గోడలను పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. పారబోయలేని పెద్ద గాబులుంటే దోమ పురుగును చంపే టెమిఫాస్ మందు కోసం హెల్త్ సిబ్బందిని అడగండి. ఫాగింగ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పొగ ఎగిరే దోమను చంపుతుంది, గోళెంలో ఉన్న పురుగును ఏమీ చేయదు. కానీ ఫొటోకు బాగుంటుంది, అందుకే సర్పంచులు ముందు అదే అడుగుతారు.

నీళ్ల పేజీ

ట్యాంకు ఎప్పుడు కడిగారో, క్లోరిన్ చూశారో లేదో రాయాలి. ట్యాంకు మీద సున్నంతో వేసిన తేదీని నమ్మొద్దు, వాటర్‌మన్ నిచ్చెన ఎక్కుతుంటే కింద ఎవరో ఒకరు ఉండాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు శుద్ధి అయ్యే వస్తాయి, కానీ ఊరి ట్యాంకులో, పగిలిన పైపుల్లో చెడిపోతాయి. అందుకే ఊరి చివరి నల్లా దగ్గర చూడాలి. ట్యూబులో నీళ్లు పట్టి క్లోరిన్ పరీక్షకు వాడే ఓటీ చుక్కలు వేస్తే పసుపుపచ్చగా మారాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గితే బ్లీచింగ్ కలపాలి. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే 40,000 లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. కనీసం గంట ఆగి వదలాలి. మూతి తెరిచి పెట్టిన సంచిలోని పౌడర్‌కు వాసన తప్ప పస ఉండదు.

మా అమ్మగారి ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. అక్కడ ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంకర కాళ్లు, వంగిన నడుములు చూస్తూ పెరిగాను కాబట్టి ఇంకొక్క ముక్క. క్లోరిన్ ఫ్లోరైడ్‌ను తీయదు. నీళ్లు కాచినా పోదు, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ సంస్థవాళ్లు 1970లలో తయారుచేస్తే దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నా చాలా ఇళ్లలో తాగేందుకు ఒక నీళ్లు, వండేందుకు బోరు నీళ్లు. పప్పులో పోసిన నీళ్లు కూడా కడుపులోకే పోతాయి. పాత బోరును వాడే ఇళ్లు రాసి పెట్టండి, ఆ బోరు నీళ్లను పరీక్షకు పంపండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే బట్టలకు, పశువుల పాకలు కడగడానికి తప్ప వాడొద్దని ఆ ఇంటివాళ్లకు చెప్పండి.

చావుల పేజీ

పెట్టడానికి మనసొప్పదు, అయినా పెట్టండి. పేరు, వయసు, తేదీ, ఇంటివాళ్లు చెప్పిన కారణం. ఇరవై ఒక్క రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయిస్తే ఖర్చు లేదు. కరోనాతో పోయినవాళ్ల కుటుంబాలకు యాభై వేలు ఇస్తారని 2021లో చెప్పినప్పుడు ఎంతమంది దగ్గర కాగితాలే లేవు! దవాఖానకు పోయే దారిలోనే పోయినవాళ్లు, పరీక్షే చేయించుకోనివాళ్లు. కాగితం లేకపోతే ఆ మనిషి కరోనాతో పోయాడని ఏ ఆఫీసులోనూ రుజువు చేయలేం. ఏడాదికోసారి ఈ పేజీ తిరగేస్తే గుండెపోట్లు ఎన్ని, పురుగుల మందు ఎన్ని, రోడ్డు మీద ఎన్ని అన్నది కనబడుతుంది. ఇంటి మనిషి పోయాక ముభావంగా ఉంటున్నవాళ్లకు 14416 నంబరు రాసివ్వండి. టెలీమానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ కలిపి ఇచ్చి మీరు బయటికి వచ్చేయండి.

గ్రామసభలో

పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అక్కడ పుస్తకం తీసుకుపోవద్దు. ఒక కాగితం మీద అంకెలు మాత్రం రాసుకుని పొండి. ఫలానా వార్డులో ఇన్ని జ్వరాలు, ఫలానా నల్లాలో క్లోరిన్ లేదు, ఇంతమంది పిల్లలకు టీకా బాకీ. పేరు ఒక్కటి కూడా నోట రావొద్దు. ఒక సభలో ఒక్కటే పని అడగండి, ఎవరు ఎప్పటిలోగా చేస్తారో తీర్మానంలో రాయించండి. పది అడిగితే పదింటికీ "చూద్దాం" అంటారు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి పది వేల వరకు నిధి ఉంటుంది, అది దేనికి ఖర్చయిందో కూడా ఆ సభలోనే అడగొచ్చు. కోపం తెచ్చుకుంటారు. తెచ్చుకోనీయండి.

పుస్తకం చివరి రెండు పేజీలు మళ్లీ అలాంటి రోగమేదైనా వస్తే పనికొచ్చేవి. రాత్రి పూట కదిలే ఆటో, కారు ఎవరివి. విడిగా మరుగుదొడ్డి ఉన్న ఖాళీ గది ఎక్కడుంది. ఆక్సీమీటర్ ఎవరి ఇంట్లో ఉంది, బ్యాటరీ ఉందా. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఇంట్లో ఉంచుకోకుండా 108కి ఫోన్ చేయాలని దాని పక్కనే రాయండి. ఇరవై మందికి వండిపెట్టగల చేతులు ఎవరివి. పాడె మోయడానికి వెనక్కి తగ్గనివాళ్లు ఎవరు. ఆ పేర్లు ముందే అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే రాయాలి.

మొదలుపెట్టడానికి రోహిణి కార్తె మంచిది. వలస పోయినవాళ్లు ఇళ్లకు చేరుకుంటారు, ఎండకు జనం మధ్యాహ్నం నీడపట్టున దొరుకుతారు, పిల్లలకు బడి సెలవులు కాబట్టి రాసేందుకు చేయి సాయం ఉంటుంది. మృగశిర కల్లా మొదటి తిరుగుడు అయిపోవాలి. తొలకరి పడిందంటే అందరూ చెలకల్లోనే ఉంటారు, తలుపు కొట్టినా పలికేవాళ్లుండరు.